పత్తి ఊరి బిడ్డకు గట్టి పరుపు

మా నాయన ఆదోని మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాడు. పత్తి సీజన్ వస్తే తెల్లారకముందే సైకిలెక్కి పోయేవాడు. రాత్రి ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా దూది పోగులు అంటుకుని ఉండేవి. ఇంట్లోకి ఏ కొత్త గుడ్డ వచ్చినా ముందు ఆయన చేతికివ్వాల్సిందే. అంచు నుంచి ఒక పోగు లాగి, వేళ్ళ మధ్య నలిపి, అందులో పాలిస్టర్ కలిసిందో లేదో చెప్పేసేవాడు. ఎప్పుడూ తప్పలేదు.

అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని. నా బిడ్డ పడక గురించి నేను ఆలోచించాల్సిన పనే లేదనుకున్నాను. పురుటికి పుట్టింటికి పోయాను. మూడో నెలలో కర్నూలుకు, అత్తగారింటికి పంపేటప్పుడు నాయన పాపకు పరుపు కుట్టించి ఇచ్చాడు. తెలిసిన జిన్నింగ్ మిల్లులో దగ్గరుండి ఏరించిన దూది, ఏడు కిలోలు. యెమ్మిగనూరు గుడ్డతో గలీబు. తలకిందికి బూరుగ దూది దిండు. మా అవ్వ తన వంతుగా ఆవాల దిండు కుట్టింది, తల గుండ్రంగా వస్తుందని. అన్నీ ఆటోలో సర్దుతూ నాయన అన్నాడు: "ఇందులో కల్తీ పోగు ఒక్కటి లేదమ్మా. పాప వెన్నముద్ద మీద పండుకున్నట్టుంటది."

నిజంగానే అలా ఉండేది. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోయేది. ఇంటికొచ్చిన వాళ్ళంతా ఒకసారి నొక్కి చూసి మెచ్చుకునేవాళ్ళు.

కర్నూలుకు వచ్చి పది రోజులు కూడా కాలేదు. ఒక రాత్రి పాప కడుపు ఉబ్బరంతో ఏడుస్తుంటే అత్తమ్మ బోర్లా పడుకోబెట్టి వీపు తట్టింది. ఏడుపు ఆగి నిద్రపోయింది. హమ్మయ్య అనుకుని నేను అన్నం తినడానికి కూర్చున్నాను. రెండు ముద్దలు తిన్నానేమో, ఎందుకో లేచి పోయి చూశాను. పాప ముఖం కనిపించలేదు. చెవి కనిపించింది, చెంప సగం కనిపించింది, ముక్కు మాత్రం పరుపులో ఉంది. ఎత్తి చంకనేసుకున్నాను. ముఖమంతా ఎర్రగా ఉంది, తల వెంట్రుకలు చెమటకు తడిసి అతుక్కుపోయాయి. ఒక్క క్షణం తర్వాత పెద్దగా ఊపిరి తీసి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నా కాళ్ళలోకి ప్రాణం వచ్చింది.

తర్వాత పరుపు వైపు చూశాను. పాప ముఖం ఉన్నచోట చిన్న గుంట, ముఖానికి అచ్చు పోసినట్టు. గుంట మధ్యలో గలీబు మీద రూపాయి బిళ్ళంత తడి మరక. వేలు పెట్టి చూస్తే వెచ్చగా ఉంది. అది పాప వదిలిన ఊపిరి. వదిలిన ఊపిరి ఆ గుంటలోనే నిలబడితే, మళ్ళీ దాన్నే పీలుస్తూ పడుకుంది నా బిడ్డ.

మర్నాడు పిల్లల డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన పాపను చూసి బాగానే ఉందని చెప్పి, పరుపు ఎలాంటిదని అడిగాడు. "ప్యూర్ కాటన్ సార్" అన్నాను గట్టిగా. ఆయన కాసేపు నా వైపు చూసి, "కాటనా కాదా అని నేను అడగలేదమ్మా. చెయ్యి పెడితే ఎంత లోపలికి పోతుంది?" అన్నాడు.

ఈ వ్యాసం రాయడానికి ఆ ఒక్క ప్రశ్నే కారణం. పసిబిడ్డ పడక కొనేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న తప్పు. కాటనా, ఆర్గానికా, నేచురలా అని అడుగుతున్నాం. ఏడాది నిండని బిడ్డ విషయంలో ముందు అడగాల్సింది రెండే: పరుపు గట్టిగా ఉందా, దాని మీద బిడ్డ తప్ప ఇంకేమీ లేకుండా ఉందా. దేనితో చేశారన్నది మూడో ప్రశ్న. దానికీ విలువ ఉంది. కానీ దాని స్థానం మూడోదే.

మూడు నాలుగు నెలల బిడ్డకు మెడ ఇంకా పూర్తిగా నిలబడదు. ముఖం మెత్తని దాంట్లో కూరుకుపోతే తల పక్కకు తిప్పుకునే బలం చాలకపోవచ్చు. ఆ మెత్తనిది స్వచ్ఛమైన పత్తా, స్పాంజా అన్నది ఊపిరికి తెలియదు. అమెరికాలో ఒకప్పుడు పసిపిల్లల కోసమని చిన్న చిన్న థర్మోకోల్ పూసలు నింపిన దిండు లాంటి పరుపులు అమ్మారు. వాటి మీద బోర్లా పడుకుని చనిపోయిన 25 మంది బిడ్డల గురించి జేమ్స్ కెంప్, బ్రాడ్లీ థాక్ అనే ఇద్దరు డాక్టర్లు 1991లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. పూసలు కదిలి ముక్కు చుట్టూ సర్దుకోవడం, వదిలిన గాలే మళ్ళీ పీల్చుకోవడం, అన్నీ అందులో వివరంగా ఉన్నాయి. మరుసటి ఏడాదే అక్కడి ప్రభుత్వం వాటిని నిషేధించింది. అది చదువుతుంటే నాకు మా అవ్వ కుట్టిన ఆవాల దిండు కళ్ళముందు కదిలింది. ఆవాలు కూడా అలాగే కదులుతాయి, తల ఎటు ఉంటే అటు గుంట పడుతుంది. కుట్టు ఊడితే గింజలు నోట్లోకో ముక్కులోకో పోతాయి. తల ఒకవైపు చదునుగా అవుతుందన్న భయమైతే, మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ళముందు కాసేపు బోర్లా వేయాలి, పడుకున్నప్పుడు తల రోజుకోవైపు తిప్పాలి. దిండు అక్కర్లేదు.

పడుకోబెట్టేది వెల్లకిలా మాత్రమే. అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘం బిడ్డల్ని బోర్లా పడుకోబెట్టవద్దని 1992లో చెప్పింది. 1994లో వెల్లకిలా పడుకోబెట్టండని దేశమంతా ప్రచారం మొదలైంది. నిద్రలో ఉన్నట్టుండి బిడ్డలు చనిపోవడం ఆ తర్వాతి పదేళ్ళలో అక్కడ దాదాపు సగానికి తగ్గింది. మందు లేదు, టీకా లేదు. బిడ్డను తిప్పి పడుకోబెట్టడమే.

అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఎల్లకిలా పండుకోబెడితే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడవా?" అంది. న్యాయమైన భయమే, నాకూ ఉండేది. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన ఉంటుంది, ఆహార గొట్టం కింద ఉంటుంది. కక్కిన పాలు పైకెక్కి ఊపిరి గొట్టంలో పడాలంటే కష్టం. బోర్లా వేస్తే ఊపిరి గొట్టం కిందికి వస్తుంది, అప్పుడే జారి పడటం సులువు. ఆ కాగితం ఇంటికి తెచ్చి అత్తమ్మకు చూపించాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. కానీ ఆ రోజు నుంచి పాపను బోర్లా వేయలేదు. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు. నలుగురు బిడ్డల్ని పెంచిన మనిషి, నిన్నగాక మొన్న తల్లయిన కోడలి మాట విని అలవాటు మార్చుకుంది.

"మిమ్మల్ని అందర్నీ అట్లే పెంచలేదా?" అనే మాట మాత్రం చుట్టాల్లో ప్రతి ఒక్కరూ అన్నారు. పెంచారు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి అది 28. ఆ పోయినవాళ్ళలో ఎక్కువమంది జ్వరాలకో, విరేచనాలకో, పుట్టుకతోనే బలం లేకో పోయి ఉంటారు. కానీ రాత్రి పాలు తాగి పడుకున్న బిడ్డ తెల్లారి లేవకపోతే, ఎలా పడుకుంది, ముఖం ఎటుంది అని ఆ రోజుల్లో ఎవరు అడిగారు? దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. బతికిన మనం మాత్రమే ఈరోజు ఉదాహరణగా మిగిలాం.

పాతదంతా తప్పనడం లేదు. మా అవ్వ చెప్పేది, తమ కాలంలో పసిబిడ్డకు పరుపెక్కడిదని. నేల మీద చాప, దాని మీద మడిచిన పాత పంచె, పొత్తిగుడ్డలు. అంతే. ఈరోజు డాక్టర్లు చెప్పే గట్టి, చదును పడక సరిగ్గా అదే. డబ్బు లేక అలా పడుకోబెట్టారు, మనకు నాలుగు రూపాయలు వచ్చాక మెత్తటి పరుపులు, గుండ్రటి దిండ్లు, తొట్టి చుట్టూ కట్టే దూది అంచులు వచ్చాయి. ఆ అంచుల్ని అమెరికాలో 2022లో చట్టం చేసి నిషేధించారు. మన బజార్లో ఇప్పటికీ అయిదు దిండ్ల సెట్టుగా బారసాలకు బహుమతి ఇస్తున్నారు. మా ఇంటికి అలాంటివి మూడు వచ్చాయి.

నులక మంచం, నవారు మంచం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నడుము కుంగిన మంచంలో బిడ్డ దొర్లి పల్లంలోకి పోతుంది, తల్లి బరువూ అటే వస్తుంది. చీర ఉయ్యాల మీద నాకు ప్రేమ ఉంది, నేనూ అందులోనే పెరిగాను. కానీ అందులో బిడ్డ ఒళ్ళు విల్లులా వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. ఎదురుగా కూర్చుని ఊపండి, నిద్రపోయాక తీసి కింద పడుకోబెట్టండి. రాత్రంతా అందులో వదలొద్దు. మా ఇంట్లో పాప పడక మా మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, కానీ వేరుగా.

ఇక నేచురల్ అన్న మాట సంగతి. నేను పత్తి మనిషిని కాబట్టి ఇది బాధతోనే రాస్తున్నాను.

పత్తి మొక్కకు కొట్టినన్ని మందులు తక్కువ పంటలకు కొడతారు. మా ఊరి చుట్టూ నల్లరేగడి చేలల్లో వీపున పంపు తగిలించుకుని మందు కొట్టే మనుషుల్ని చూస్తూ పెరిగాను. ఆ తర్వాత గుడ్డకు తెలుపు, రంగు, ముడత పడకుండా వేసే పూతలు. కాబట్టి కాటన్ అని రాసి ఉంటే అది నేరుగా చేను నుంచి వచ్చి ఒళ్ళో పడినట్టు కాదు. ఆర్గానిక్ అని ఎవరైనా రాసుకోవచ్చు. గాట్స్ (GOTS) అనే అంతర్జాతీయ ధ్రువీకరణ ముద్ర ఉండి ఆర్గానిక్ అని ఉంటే అందులో కనీసం 95 శాతం ధ్రువీకరించిన ఆర్గానిక్ పోగు ఉండాలి. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అనేది వేరు. అది పత్తి ఎలా పండించారో చెప్పదు, తయారైన గుడ్డలో హాని చేసే రసాయనాలు మోతాదు దాటాయా లేదా చూస్తుంది. మూడేళ్ళ లోపు పిల్లల వస్తువులకు అందులో అన్నిటికన్నా కఠినమైన తరగతి ఉంది. ఈ రెండు ముద్రల్లో ఏదీ పరుపు గట్టిగా ఉందని హామీ ఇవ్వదు. మణికట్టు దాకా దిగిపోయే పరుపుకు కూడా ముద్ర వేయించుకోవచ్చు.

అటువైపు, స్పాంజి పరుపులోంచి విషవాయువు వచ్చి బిడ్డలు చనిపోతారని వాట్సాప్‌లో తిరిగే మాట కూడా నిజం కాదు. ఆ వాదన బ్రిటన్‌లో 1989 ప్రాంతంలో మొదలైంది. పరుపులోని రసాయనాలను బూజు తిని విషవాయువులుగా మారుస్తుందన్నారు. లేడీ లిమరిక్ అధ్యక్షతన నిపుణుల సంఘం వేసి పరిశీలించారు. ఆ వాదనకు ఆధారం లేదని 1998లో తేల్చారు. అలాగని కొత్త స్పాంజి వాసనను పట్టించుకోవద్దని కాదు. టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో 20 తొట్టి పరుపుల్ని పరీక్షించి, కొత్తవాటి నుంచి వచ్చే ఆవిరులు పాతవాటికి దాదాపు నాలుగింతలున్నాయని, వేడికి ఇంకా పెరుగుతాయని చెప్పారు. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు కొట్టే మన ఊళ్ళకు ఆ మాట తగులుతుంది. స్పాంజి పరుపే ఉన్నవాళ్ళు భయపడి పారేయక్కర్లేదు. గట్టిగా ఉంటే కొన్ని వారాలు గాలికి ఆరబెట్టి వాడుకోవచ్చు. గట్టి స్పాంజి, మెత్తటి పత్తి రెండే ఉంటే నేను స్పాంజినే తీసుకుంటాను. ఈ మాట మా నాయన చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పినప్పుడు చాలాసేపు పలకలేదు. మర్నాడు పొద్దున బస్సెక్కి కర్నూలు వచ్చేశాడు. వచ్చీరాగానే పాపను కూడా ఎత్తుకోకుండా పరుపు దగ్గర కూర్చుని అరచెయ్యి పెట్టి నొక్కాడు. గుంట పడింది. చెయ్యి తీశాక ఆ గుంట అలాగే ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను ఏమీ అనలేదు. "కట్టు తాడు, పోదాం" అన్నాడు కాసేపటికి.

పరుపు ఆటోలో వేసుకుని కొండారెడ్డి బురుజు దాటి పాతబస్తీలో పరుపులు కుట్టే చాచా దగ్గరికి పోయాం. డెబ్బై దాటిన మనిషి. ఆయన నాయన కాలంలో ఇంటింటికీ తిరిగి నారి లాంటి తీగతో దూది ఏకేవాళ్ళట, ఇప్పుడు మెషిన్. గలీబు విప్పి గుప్పెడు దూది తీసి వెలుగుకు పట్టి చూసి, "మాల్ అస్సల్ ఉందన్నా" అన్నాడు. నాయన ముఖం కొంచెం తేటపడింది. పక్కన మూటలో ఉన్న ఇంకో రకం తీసి నాకు చూపించాడు చాచా. బూడిద రంగు, మధ్యలో ఎర్రవి, నీలివి పోగులు. పాత గుడ్డలు చించి మెషిన్లో వేసి తీసిన దూది. చవక పరుపుల్లో కాటన్ పేరుతో పోయేది ఇదేనని చెప్పి, రెండింటి నుంచి చిటికెడు చిటికెడు తీసి అగ్గిపుల్ల గీశాడు. మాది కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిదైంది. రెండోది నల్లగా కరిగి ముద్దకట్టింది, చల్లారాక గోటితో గీకితే పూసలా గట్టిగా ఉంది. పాలిస్టర్ కలిసిందన్నమాట. పరుపు కుట్టించేవాళ్ళు కుట్టకముందే ఇది అడిగి చేయించుకోండి, ఎవరూ కాదనరు.

"చాచా, చెయ్యి పెడితే దిగకూడదు" అన్నాను.

"పసిపిల్లకా? పెద్దాయనకు మెత్తగా కావాలని ఉంటది, కుట్టినోడు కుట్టి ఉంటాడు" అన్నాడు. దూదంతా మళ్ళీ ఏకించి, ఏడు కిలోల్లో రెండు పక్కన పెట్టి, ఐదు కిలోలు పొరలు పొరలుగా పరిచి కట్టెతో కొట్టి అణిచాడు. దబ్బనంలో పురికొస ఎక్కించి టాకాలు మొదలుపెట్టాడు. మామూలుగా జానెడుకొక టాకా వేస్తారు, ఈయన నాలుగు వేళ్ళకొకటి వేశాడు. టాకా టాకాకూ మోకాలు ఆనించి లాగి బిగించాడు. పైన అందానికి పెట్టే కుచ్చులు వద్దన్నాను. పిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు. అయ్యేసరికి రెండంగుళాల మందం, పలక లాంటి పరుపు వచ్చింది. చాచా దాని మీద పిడికిలితో గుద్ది చూపించాడు. నాయన మళ్ళీ అరచెయ్యి పెట్టి నొక్కాడు. గుంట పడలేదు.

అక్కడి నుంచి పత్తి తన విలువ చూపించింది. మన ఎండల్లో పాలిస్టర్ దుప్పటి మీద బిడ్డ వీపు చెమటకాయలతో నిండిపోతుంది, కాటన్ మీద అంత కాదు. యెమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సంఘం పేరు మా జిల్లాలో తెలియని ఇల్లు లేదు. ఆ ఊరి నేత దుప్పటి తెచ్చి, ముందు గంజి పోయేదాకా రెండు మూడుసార్లు ఉతికి, వీధి చివరి టైలర్ దగ్గర నాలుగు మూలలా ఎలాస్టిక్ వేయించాను. బిడ్డ కాళ్ళతో తన్నినా లేచి రాదు. దాని కింద పల్చటి రబ్బరు షీటు, పరుపు తడవకుండా. రబ్బరు షీటు నేరుగా ఒంటికి తగలకూడదు. పత్తి పరుపు ఒకసారి లోపలిదాకా తడిస్తే ఆరదు, బూజు పడుతుంది. వారానికోసారి మిద్దె మీద ఎండకేసేదాన్ని. కర్నూలు ఎండకు రెండు గంటలు చాలు.

పైన కప్పేది ఏమీ లేదు. బొంత, కంబళి, దిండు, బొమ్మ ఏదీ లేదు. దోమలకు కాయిల్‌కు బదులు దోమతెర. చలికాలం తెల్లవారుజామున చల్లగా ఉంటే చొక్కా మీద ఇంకో చొక్కా. వేడిగా ఉందా అన్నది చేతులు పట్టుకుంటే తెలియదు, మెడ వెనక చెయ్యి పెడితే తెలుస్తుంది. అక్కడ చెమట ఉంటే ఒకటి తీసేయాలి. చుట్టాలు వచ్చి ఆ ఖాళీ పడకను చూసి "పాపం, బిడ్డ కింద ఏం లేదే" అనేవాళ్ళు. పాప మాత్రం రాత్రి రెండుసార్లు పాలకు లేవడం తప్ప హాయిగా పడుకునేది. మెత్తదనం కావాలన్నది పెద్దవాళ్ళ నడుములకు. పుట్టి నాలుగు నెలలైన వాళ్ళకు గట్టి నేలంటే ఇబ్బందని ఎవరూ నేర్పలేదు.

చాచా పక్కన పెట్టిన రెండు కిలోల దూదిని నాయన అక్కడ వదల్లేదు. గుడ్డ సంచిలో కట్టించి మా అటక మీద పెట్టించాడు. ఏడాది దాటాక దుప్పటి కప్పడం మొదలుపెట్టాం, దిండు ఇంకా ఇవ్వలేదు. నాయన వచ్చిన ప్రతిసారీ సంచి దించి, ఎండకేసి, పురుగు పట్టిందేమో చూసి, మళ్ళీ కట్టి పైన పెట్టేవాడు. పోయేటప్పుడు గడప దగ్గర ఆగి అడిగేవాడు: "ఇప్పుడు కుట్టించొచ్చా అమ్మా?" ఇంకా వద్దు నాయనా అనేదాన్ని.

పాపకు రెండేళ్ళు నిండిన వారం మళ్ళీ ముగ్గురం చాచా దగ్గరికి పోయాం. పల్చటి దిండు, అరచెయ్యి మందం కూడా లేదు. చాచా అర కిలో దూది కూడా పట్టించలేదు. కుట్టి ఇవ్వగానే నాయన దాన్ని నొక్కి చూసి, ముందు తన చెంపకు ఆనించుకున్నాడు, తర్వాత పాప చేతికిచ్చాడు. మిగిలిన దూది సంచి మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు.